మేకలు రుచి చూసిన గోడ

మట్టి ఇల్లు కట్టాలన్నది మా ఆవిడ పట్టుదల. చిత్తూరులో మా అద్దె ఇంటి స్లాబు కింద ఎండాకాలంలో వడియాలు ఎండబెట్టనక్కర్లేదు, కాసేపు కూర్చుంటే మనిషే వడియమైపోతాడు. అందుకని బంగారుపాళ్యం అవతల, మామిడితోటల మధ్య మాకున్న చిన్న స్థలంలో పని మొదలుపెట్టాం.

నమూనా గీసింది మా బామ్మర్ది. బడిలో డ్రాయింగు మాస్టరు. ఎవరిదో శుభలేఖ వెనక అతను గీసిన ఇంట్లో ఒక్క గీత తిన్నగా ఉంటే ఒట్టు.

"మూలలుంటే మట్టి పగులుతుంది బావా, అందుకే గుండ్రంగా పెట్టినాను" అన్నాడు.

నాకు మాత్రం కొండచిలువ గుమ్మడికాయ మింగి పడుకున్నట్టు కనిపించింది.

గోడ పెట్టే చెయ్యి అవ్వది. పక్క పల్లె మనిషి, నా మోచేతి ఎత్తు ఉంటుంది. మట్టిముద్దను గుండెల దాకా ఎత్తి కింద వదిలేది. పరుచుకుంటే నీళ్ళెక్కువ, పగిలితే తక్కువ, బుద్ధిగా కూర్చుంటే గోడకు పనికొస్తుంది. పల్లెలన్నీ సిమెంటుకు మారిపోయాక ఆమెను గోడకు పిలిచినవాళ్ళు లేరు. మామిడికాయలు కోసే కూలికి పోతూ ఉండేది.

మా పక్క తోట రైతుకు కాయలు మాగవేసుకునే గది ఒకటి కావాలి. మట్టితో కట్టించాలా, సిమెంటుతోనా అని ఊగిసలాడుతూ చివరికి అవ్వతో అన్నాడు: "ముందు ఈ గోడ నిలబడనీ అవ్వా. నిలబడితే నాది గూడా నువ్వే కడుదువు."

ఆ మాట విన్నప్పటి నుంచి అవ్వ మాకంటే ముందే వచ్చి కూర్చునేది. మా ఆవిడతో ఒకసారి అంది: "ఆ గది గాని వస్తే అమ్మణ్ణీ, మళ్ళా నన్ను గోడలవ్వ అంటారు. ఇప్పుడు ఉత్త కూలిదాన్నే గదా."

ఇక నా పని మట్టి తొక్కడం. దేవుడు నాకిచ్చిన శరీరానికి ఇన్నేళ్ళకు తగిన ఉద్యోగం దొరికింది. నేను గుంటలో దిగితే పలమనేరు దాకా భూమి అదిరేది. గోడ గట్టిపడేందుకు తొక్కిన మట్టిలో కరక్కాయ నానేసిన నీళ్ళు, కాస్త బెల్లం కలపాలి. కరక్కాయలు దంచేదీ నేనే. రెండు రోజులు దంచేసరికి నా భుజం ఊడి చేతికొచ్చింది.

ఆ కరక్కాయ మట్టితో అవ్వ పెట్టిన మొదటి వరస గోడ ఎండిన రోజు మధ్యాహ్నం నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. సీజను కదా, పీపాలు కడిగిన నీళ్ళు కావాలంటే ఎన్నైనా పట్టుకుపొమ్మన్నారు. తీపికి తీపి, జిగటకు జిగట, పైగా దంపుడు లేదు! అందరూ అన్నాలకు పోయిన వేళ స్కూటరు మీద నాలుగు క్యాన్లు తెచ్చి మట్టిలో గుమ్మరించి, ఏమీ ఎరగనట్టు తొక్కాను. ఆ సాయంత్రమే అవ్వ ఆ మట్టితో రెండో వరస పెట్టింది.

ఒక వరస ఎండితేగాని దానిమీద ఇంకో వరస పెట్టకూడదు. మర్నాడు అవ్వ వేలితో నొక్కి చూసి, "ఎండలా" అంది. ఆ మర్నాడూ ఎండలేదు. ప్రపంచంలోని చీమలన్నీ మా ఇంటికి విడిదికొచ్చాయి. ఆ పైరోజు తెల్లవారేసరికి రెండో వరస నిండు గర్భిణిలా కడుపు ముందుకేసి, జారి కింద కూర్చుంది.

జనం మూగారు. ఎవరో అన్నారు: "ముసిల్దానికి సెయ్యి పాయ."

అవ్వ తన రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడే మేకల్ని తోలుకుంటూ పక్క తోట రైతు వచ్చాడు. పడిన గోడ చూశాడు, అవ్వ ముఖం చూడకుండా తలకాయ గీరుకున్నాడు.

"అవ్వ తప్పేం లేదప్పా! మట్టిలో మామిడి గుజ్జు నీళ్ళు పోసింది నేనే" అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. ఎందుకు నవ్వరు? మా అద్దె ఇంట్లో కోడి పెట్టేది ఉడికిన గుడ్లేనని ఆ ముందురోజే వాళ్ళకు ప్రమాణం చేసి చెప్పి ఉన్నాను.

"ముసిలామెను కాపాడేదానికి అబద్ధం సెప్తా ఉండావు. మంచోడివేలే" అన్నాడు రైతు జాలిగా.

"నిజమప్పా! నాలుగు క్యాన్లు!"

"నిన్న ఏనుగంత పనసకాయ గూడా సూసినా అంటివే!"

మా ఆవిడ వైపు తిరిగాను. "చాలు ఊరుకోండి, ఎగతాళికి ఇదా సమయం?" అని కసిరింది. బామ్మర్ది శుభలేఖలో తల దూర్చాడు. జీవితంలో ఒక్క నిజం చెబుదామంటే కొనేవాడు లేడు. అవ్వ కొంగు దులుపుకుని లేచింది. "పోతా అమ్మణ్ణీ. రేపట్నించి కాయలు కోసేదానికే పోతా" అంది.

అప్పుడు ఒక మేక ముందుకొచ్చింది. పక్కనే పచ్చటి ఆకులున్నా కన్నెత్తి చూడకుండా, పడిన మట్టిని నాకడం మొదలుపెట్టింది. దాని వెనక మరొకటి. క్షణంలో మందంతా పంక్తి భోజనానికి కూర్చుంది. కింద నిలబడి ఉన్న మొదటి వరసను మాత్రం ఒక్కటీ ముట్టలేదు.

రైతు వంగి కూలిన మట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తోతాపురి!" అన్నాడు. "బాగా మాగిన కాయ."

అందరూ నావైపు తిరిగారు. అవ్వ ఒక పచ్చి ముద్ద ఎత్తి నా వీపున ఒక్కటిచ్చింది. అది పరుచుకోలేదు, పగల్లేదు, బుద్ధిగా అక్కడే కూర్చుంది.

"సోంబేరి అబ్బోడా! కరక్కాయ దంచమంటే పండ్లరసం పోస్తావా గోడకి?" అని తిట్టింది. తిడుతూ తిడుతూ మొదటి వరస దగ్గరికి పోయి అరచేత్తో ఒకసారి తట్టింది. రాయిలా మోగింది. మళ్ళీ తట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుని, గుంట వైపు చూపించింది. నేను దిగి తొక్కసాగాను.

ఎనిమిది రోజుల తర్వాత, మూడో వరస కూడా ఎండాక, రైతు వచ్చి గోడను గుద్ది చూసుకున్నాడు.

"సరే అవ్వా, నా గది మొదులుపెట్టు. ఈయప్పను మాత్రం ఆ పక్కకి రానీయొద్దు."

అవ్వ గుంటలో ఉన్న నన్ను పైనించి కిందికి ఒకసారి కొలిచి చూసింది.

"ఆ మాట మాత్రం అనొద్దు నాయనా" అంది. "తొక్కేదానికి ఇంత బరువుండే మనిషి నాకు మళ్ళా యాడ దొరుకుతాడు?"