హేమలత తెచ్చిన వేట

విశాఖపట్నంలో మా ఆఫీసు గోడకి ఒక పెద్ద తెర ఉంది. మన్యంలో గెడ్డల, అంటే కొండవాగుల ఒడ్డున మేం పాతిన నీటిమట్టం స్తంభాలన్నీ ఆ తెర మీద చుక్కలు. నీరు ఎంత ఉందో కబురు పంపే స్తంభం పచ్చ చుక్క, పంపనిది ఎర్ర చుక్క. ఎర్ర చుక్కల మీద చూపించినంత కోపం తన మీద ఎప్పుడూ చూపించలేదని మా ఆవిడ అంటుంది. అది మెచ్చుకోలో దెప్పో ఇప్పటికీ నాకు తేలలేదు.

నా పేరు సర్వేశ్వరరావు, ఉద్యోగం ఇంజనీరు. ఈ కథ మాత్రం నాది కాదు, కిల్లో హేమలతది. సీతంపేట నుంచి కొయ్యూరు దాకా ఇరవైమూడు స్తంభాల బాగోగులు చూసే కాంట్రాక్టు టెక్నీషియన్ ఆ అమ్మాయి. ముప్పై ఏళ్లు ఇంకా నిండలేదు. భుజాన లాప్‌టాప్ సంచీ, కాళ్లకి ప్లాస్టిక్ చెప్పులు. బూట్లు వేసుకోమని నేను రెండుసార్లు మెమో ఇచ్చాను. గెడ్డ దాటిన ప్రతిసారీ విప్పి తొడుక్కోవాలంటే పొద్దు చాలదని రెండుసార్లూ ఒకే జవాబు రాసింది. రెండోసారి తేదీ మాత్రం మార్చింది.

ఆమెది హుకుంపేట మండలంలో గుమ్మడిపుట్టు అనే చిన్న ఊరు. ఊరు గెడ్డకి ఇవతల, బడి అవతల. పదో తరగతి పాసయిన ఏడాది పాలిటెక్నిక్ సీటు కోసం సర్టిఫికెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని ఆ గెడ్డలో దిగిందట. ఊళ్లో ఎండ కాస్తోంది. పైన కొండల్లో వాన దంచేసిన సంగతి కింద ఎవరికీ తెలియదు. నీరు ఒక్కసారిగా మోకాళ్ల నుంచి మెడ దాకా వచ్చేసింది. ఏదో చెట్టు వేరు చేతికి దొరికి పిల్ల బతికింది గానీ సంచీ పోయింది. కాగితాలు మళ్లీ పుట్టించుకునేసరికి ఏడాది గడిచిపోయింది. "నాను పది పాసయినట్టు ఆ ఏడాదంతా నాకు తప్ప ఎవులికీ తెల్దండి" అని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది.

నాలుగేళ్ల కిందట స్తంభాలకి చోట్లు వెతుకుతున్నప్పుడు ఒకటి గుమ్మడిపుట్టు పైనున్న మలుపులో పెట్టించేదాకా నన్ను నిద్రపోనివ్వలేదు. అక్కడ నీరు పెరిగితే చాలు, బడి మేష్టారి ఫోనుకి కబురు వస్తుంది, ఆయన పిల్లల్ని ఇళ్లకి పంపకుండా ఆపేస్తాడు. కిందటి వానల్లో అలా పదకొండుసార్లు ఆపాడు.

ఈ జనవరిలో ఆ చుక్క ఎర్రబడింది. కబుర్లు అందుకునే మా సర్వర్ మారింది. మిగతా స్తంభాలన్నిటికీ కొత్త అడ్రస్ ఆఫీసులో కూర్చునే పంపేశాం. ఆ పూట గుమ్మడిపుట్టు బడి మీది రేడియోకి కరెంటు లేక అక్కడి స్తంభానికి మాత్రం అందలేదు. దాంతో అది రోజూ పాత అడ్రస్‌కే కబురు పంపుతూ ఉండిపోయింది. పాత సర్వర్ తీసేశాక ఆఫీసు నుంచి దాన్ని అందుకునే దారి లేదు. ఇక మనిషి వెళ్లి, లాప్‌టాప్ నుంచి సీరియల్ కేబుల్‌తో ఆ పెట్టెకి తగిలించి కొత్త అంకెలు కొట్టాల్సిందే. పాత మోడల్ పెట్టె కనుక కేబుల్ వేరే కొనాలి. కొనుగోలు ఫైలు డెబ్బై రోజులు ఒకరి బల్ల మీద పడుకుంది. ఆ బల్ల నాదే.

తొంభై రోజులు పలకని స్తంభాన్ని పీకి ఇంకో చోట పాతాలని మాకో నియమం. తొంభయ్యో రోజుకి ముందురోజు కేబుల్ వచ్చింది. అదే రోజు పీకమనే ఉత్తర్వు మీద నేనే సంతకం పెట్టాను. ఆ మర్నాడు హేమలతతో కలిసి జీపులో బయల్దేరాను. ఉత్తర్వు చొక్కా జేబులో ఉంది, ఆ పై రోజుకి లారీ కూడా మాట్లాడేశారు. ఈ సంగతి ఆమెకి చెప్పలేదు. తనిఖీకి వస్తున్నానన్నాను.

వెళ్లింది సరిగ్గా ఇటుకల పండుగ రోజుల్లో. చైత్రమాసంలో మన్యమంతా ఆ పండుగే. మగవాళ్లు విల్లంబులతో కొండెక్కుతారు. ఇప్పుడు వేటంటే పేరుకే, దుంపో తేనెపట్టో తెచ్చినా వేట కిందే లెక్క. ఆడవాళ్లు దారులకి అడ్డంగా దుంగలు వేసి, వచ్చేపోయే బళ్లని ఆపి పండుగ మామూలు అడుగుతారు. చిల్లర లేదన్నాను. అయితే ఆడమన్నారు. హుకుంపేట దాటాక ఆరు దుంగల దగ్గర, ఆరుసార్లు, యాభై ఆరేళ్ల వయసులో నేను ధింసా ఆడాను. ఆరోసారికి అడుగు కుదిరిందని హేమలత మెచ్చుకుంది.

గుమ్మడిపుట్టు దుంగ దగ్గర పెత్తనం ఆమె మేనత్త అప్పలనర్సమ్మది. పక్కన పేడనీళ్ల బకెట్లు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ఉత్త చేతులతో కొండ దిగిన మగవాడికి ఆ నీళ్లతో స్నానం చేయించడం ఆచారం. హేమలత సంచీలో లాప్‌టాప్ చూసి, ఈ పిల్ల కూడా పనిముట్టుతో కొండెక్కుతోంది కనుక తనకీ అదే లెక్క అంటూ ఆడవాళ్లు వాదనకి దిగారు. కాసేపటికి అప్పలనర్సమ్మ తీర్పు చెప్పింది.

"కొండెక్కినోల్లు ఎవులైనా ఒకటే. బడిగంట ఇనిపిస్తే నీకు వేట దొరికినట్టు. లేదా, నీకూ పేడనీల్లే, నీ ఎనకాల వొచ్చిన బాబుకీ పేడనీల్లే."

పెట్టె పంపే పరీక్ష కబురు ఫోనుకి అందగానే గంట కొట్టమని హేమలత మేష్టారికి ముందే చెప్పి ఉంచింది. సరేనని మేనత్త చేతిలో చెయ్యి వేసింది. జీపులోనే కూర్చుంటానని నేనన్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు కింద కూర్చుంటే ఎలాగండీ అని నన్ను ముందు నడిపించింది.

స్తంభం దగ్గర ఊరి దిసారి సోంబరు మా కోసం కాచుకుని ఉన్నాడు. ఊరికి పండుగల మంచిరోజులు చూసి పెట్టేదీ, పూజలు చేసేదీ ఆ ముసలాయనే. స్తంభం మీది సోలార్ పలక తుడిచేదీ, పెట్టె తాళం దాచేదీ ఆయనే. హేమలత పెట్టె తెరిచింది. లోపల్నుంచి పసుపు వాసన గుప్పున కొట్టింది. ఆమె కేబుల్ తగిలించి ఎంటర్ కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. లాప్‌టాప్, పెట్టె మాట్లాడుకునే వేగాలు సరిపోకపోతే కనీసం పిచ్చిగీతలైనా వస్తాయి. అన్ని వేగాలూ మార్చి చూసింది, ఆ గీతలూ లేవు. అప్పుడు కేబుల్ ఊడదీసి తొంగి చూసింది. కేబుల్ తగిలించే, తొమ్మిది సూదుల ఆ చిన్న గూడు నిండా ఆముదంలో కలిపిన కుంకుమ.

నా గొంతు లేచింది. ప్రభుత్వ ఆస్తి అన్నాను, కేసు అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. సోంబరు అంతా ఓపిగ్గా విని, తప్పు చేసినవాడిలా కాక, పనిచేసిన మనిషిలా చెప్పాడు.

"విత్తనాలకి బొట్టెట్టినాం, కత్తులకి ఎట్టినాం. ఇది మా పిల్లల్ని కాత్తంది గదా బాబూ. దీన్నొక్కదాన్నీ ఒగ్గీడం బాగోదని ఎట్టినాను. తలుపు తీస్తే మొకం లాగ అదే కనిపించింది."

మూడు నెలలుగా పలకని పెట్టె అది. పలకని సంగతి సోంబరుకీ తెలుసు. పలకలేదని మేం పీకాలనుకుంటే, వాళ్లు బొట్టు పెట్టారు. నాకు సిగ్గేసింది.

సూదులు తుడవడానికి స్పిరిట్ కావాలి. అది ఆఫీసు బీరువాలో ఉంది. అప్పటికే కొండ మీది నుంచి దిగిన వేటగాళ్లు ఏడెనిమిది మంది బండల మీద చతికిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఒక్క దుంప కూడా లేదు. ఒక సీసా మాత్రం ఉంది. హేమలత ఆ సీసా వంక చూసింది. అది ఇప్పసారా, అందులోనూ బట్టీలో మొదట దిగే ఘాటైన రకం. వాళ్లలో పెద్దాయన సీసా రెండు చేతులా పట్టుకుని, దేనికి, ఎంత, తిరిగి ఇస్తావా అని మూడు ప్రశ్నలు వేశాడు. చివరికి మూత తానే తీసి, తానే కొలిచి, మూతలో పోసి ఇచ్చాడు.

హేమలత కొండచీపురు నుంచి సన్న పుల్లలు విరిచి, చివర దూది చుట్టి, ఒక్కో సూదినీ తుడవసాగింది. బ్యాటరీ తీగ తీశావా అని అడిగాను. తీసే తుడుస్తున్నానండి అంది. మూత మూడుసార్లు నిండింది. నాలుగోసారికి పెద్దాయన మొహం తిప్పుకున్నాడు. తుడిచాక పెట్టెని ఎండకి తిప్పి అరగంట ఆరబెట్టింది. తర్వాత మళ్లీ కేబుల్ తగిలించి ఎంటర్ కొట్టింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చక్కగా ఒక వరస వచ్చాయి. వేటగాళ్లంతా లేచి వచ్చి ఆమె వెనక నిలబడ్డారు.

కొత్త అంకెల కాగితం నా దగ్గరుంది. నేను చదువుతూ ఉంటే తను కొడుతోంది. పెట్టె సొంత ఐపీ అడ్రస్ అయింది, సర్వర్ అడ్రస్ అయింది. గేట్‌వే దగ్గర చెయ్యి ఆపింది. పెట్టెలోంచి కబురు బయటికి వెళ్లాలంటే ముందు బడి మిద్దె మీదున్న రేడియోని చేరాలి. ఆ రేడియో అంకె అది. సార్, ఇది సరిగ్గా లేదేమోనండి అంది. ముప్పై ఏళ్ల సర్వీసు నాది, ఉన్నది ఉన్నట్టు కొట్టమన్నాను. కొట్టింది. సేవ్ చేసి పెట్టెని ఆపి మళ్లీ వెలిగించింది. పదిహేను నిమిషాలకొకసారి కబురు వెళ్తుంది కనుక అందరం కూర్చుని అవతలి ఒడ్డు వైపు చెవులు పెట్టాం. పదిహేను నిమిషాలు గడిచాయి. గంట మోగలేదు.

సోంబరు ఏమైందని తమ భాషలో అడిగాడు. ఆమె అదే భాషలో చాలాసేపు చెప్పింది. నాకూ చెప్పమన్నాను.

"మాకు వంశాలున్నాయి గదండి. మేం కిల్లోలం, పులి వంశం. ఈ అంకెల్లో మొదటి మూడూ వంశం లాంటివి, ఆఖరిది మనిషి పేరు. ఒకే వంశమైతేనే ఇది ఆ రేడియోతో మాటాడుద్ది. మీ కాయితంలో మూడో అంకె దీనికి ఏడు, రేడియోకి తొమ్మిది, వంశాలే వేరు. ఇంకేటి మాటాడుద్దండి?"

కాగితం చూసుకున్నాను. ఇంకో ఊరి వరస లోంచి గేట్‌వే అంకె ఎక్కించేశాను. ఎక్కించింది నేనే, సరిచూసినట్టు సంతకం పెట్టిందీ నేనే. తొమ్మిది తీసి ఏడు కొట్టమన్నాను. గొంతు ఎంత తగ్గించినా సోంబరుకి వినబడింది.

మళ్లీ సేవ్, మళ్లీ పదిహేను నిమిషాలు. హేమలత మోకాళ్లు దగ్గరికి లాక్కుని గెడ్డ వైపే చూస్తోంది. చూపుడువేలు మాత్రం సంచీ పట్టీ మీద ఆడుతోంది. అప్పుడు అవతలి గట్టు నుంచి బడిగంట మోగింది. మేష్టారికి ఎంత సంతోషం కలిగిందో గానీ ఆపకుండా కొడుతూనే ఉన్నాడు. వేటగాళ్లు డప్పు అందుకున్నారు. హేమలత కళ్లు తుడుచుకుని, తెర మీది అంకె నాకు చూపించింది. గెడ్డలో నీరు ముప్పై నాలుగు సెంటీమీటర్లు. నా సర్వీసులో ఇంత అందమైన అంకె చూడలేదు.

కింద దుంగ దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. హేమలత మెడలో అడవిమల్లె దండ వేసి, ఆ రోజు వేట తెచ్చింది ఆమె ఒక్కతేనని చాటి చెప్పారు. వేటగాళ్లు బుద్ధిగా తలలు వంచి పేడనీళ్లు పోయించుకున్నారు. నాలుగో బకెట్ ఇంకా నిండుగానే ఉంది. గంట మోగింది కదా అన్నాను.

"గంట మోగించింది మా మేనకోడలు గుంట. నువ్వేటి తెచ్చినావు బాబూ, తప్పు అంకె తప్ప?" అంది అప్పలనర్సమ్మ. సోంబరు నాకంటే ముందే దిగి అన్నీ చెప్పేశాడు.

ఆ నీళ్లు చల్లగా ఉన్నాయి. కళ్లు తుడుచుకుంటూ జేబులో చెయ్యి పెడితే ఉత్తర్వు పచ్చటి ముద్దయి వేళ్లకి అంటుకుంది. ఇక దాచబుద్ధి కాలేదు. హేమలతని పక్కకి పిలిచి, అది ఏ కాగితమో చెప్పేశాను. అది తడవకపోయినా ఇప్పుడు అమలు చేసేవాణ్ని కాదని కూడా చెప్పాను.

"తెల్సండి. లారీ సంగతి పొద్దున్నే మన జీపు డ్రైవరు సెప్పీసినాడు. అందుకేనండి మిమ్మల్ని జీపులో కూకోనివ్వకుండా కొండెక్కించినాను. ఆ గంట మీ సెవులతో ఇనాలని."

సిగ్నల్ దొరికే బండ ఎక్కి లారీ వద్దని ఫోన్ చేశాను. దిగి వచ్చాక, ఎవరూ అడగకుండానే, పేడనీళ్లు కారుతున్న బట్టలతో వాళ్ల వరసలో కలిసి ఏడోసారి ధింసా ఆడాను.

జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం విశాఖలో ఎండ మండిపోతోంది. గుమ్మడిపుట్టు అంకె ముప్పై నుంచి తొంభైకి, తొంభై నుంచి రెండువందల పదికి ఎక్కింది. ఆఫీసులో అందరం పని మానేసి తెర ముందు నిలబడ్డాం. బడి వదిలే వేళ దాటింది. ఇంకో రెండు గంటలకి అంకె మెల్లగా దిగింది. ఊళ్లోనే ఉన్న హేమలత నుంచి నా ఫోనుకి ఒక్క ముక్క వచ్చింది.

"పిల్లలందరూ దాటీసినారండి."