అక్కుపల్లి ఆంబోతు కోసం

పోయిన వేసవిలో మా సంకరజాతి ఆవులు రెండూ వడదెబ్బకు నురగలు కక్కి చచ్చాయి. పక్కనే కట్టిన పొట్టి నాటు ఆవు మాత్రం ఎండుగడ్డి నములుతూ నిలబడింది. ఆ జాతిని నిలుపుకోవాలన్న బుద్ధి చేతులు కాలాకే పుట్టింది నాకు. ఆ ఆవుకు ఈడు మీరింది, మహా అయితే ఇంకొక్క ఈత. మా వైపు నాటు ఆంబోతు ఒక్కటీ మిగల్లేదు. అక్కుపల్లి దగ్గర ఒకటుందని విని, ముందు చూసొద్దామని ఆమదాలవలసలో ఉదయం పాసింజరు ఎక్కాను.

నౌపడ దాటాక ఎదుటి సీటాయన పలకరించాడు. డయాలసిస్‌కి పలాస వెళ్తున్నాడు.

“ఎవులినైనా సూడ్డానికెల్తన్నారేటి బాబూ?”

ఆంబోతునన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

“మాకూ నాటు పసువులుండీవి. మేపడానికి ఓపిక నేక అమ్మీసినాం.”

పలాసలో ఇడ్లీ తిని కాశీబుగ్గ నుంచి షేరు ఆటో పట్టాను. నిండేదాకా కదలదు, ఓపిక ఉండాలి. దారంతా ఉద్దానం జీడితోటలు, నడుమ తుపానుకు తలలు విరిగిన కొబ్బరి మోళ్లు. మధ్యాహ్నానికి నూకాలమ్మ ఇల్లు దొరికింది. భర్త కిడ్నీ జబ్బుతో పోతే ఆయన పేరిట కోడెను ఊరి మీద వదిలిన మనిషి. అచ్చోసిన ఆంబోతని మనం తిట్టుగా అనేస్తాం గానీ, ఊళ్లో ఆవులన్నీ చూలు కట్టేది దానివల్లే.

“బోరు నీల్లు తాగకండి బాబూ, టిన్ను నీల్లున్నాయి,” అంటూ గ్లాసు ఇచ్చింది.

పెరట్లో జీడిచెట్టు కింద పడుకుని ఉంది ఆంబోతు. పొట్టిది, గట్టిది, తొడ మీద అచ్చు. ఊరివాళ్లు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆమె మాత్రం భర్త పేరు పలకకూడదని “ఇదిగో” అంటుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆవును వ్యానులో తెస్తానని చెప్పాను.

ఆమె నా చేతిలో గ్లాసు అందుకుంది.

“ఇంకేటి లాబం బాబూ. డాకటేరు సేత ఇత్తులు నొక్కించీసినాం.”

విత్తులు నొక్కాక ఇక అది ఆంబోతు కాదు, ఉత్త ఎద్దే. తోటల్లో పడి కంచెలు విరుస్తోందని ఊరివాళ్లు సంతకు తోలేస్తామన్నారట. సంతకు పోతే కోతకే.

“ఆ మనిసి పేరెట్టి ఒగ్గిన పేనం. మెత్తబడితే ఒగ్గీత్తామన్నారు. బతికుంటే సాలని నానే ఒప్పుకున్నాను.”

“ఇంకోటి ఎక్కడైనా ఉందా అమ్మా?”

“ఇదే ఆకరిది.”

ఒళ్లు మండిపోయింది నాకు. ఆ కోపం ఎవరి మీద చూపను? ఆమె చోట నేనున్నా అదే చేసేవాణ్ణి.

సాయంత్రం రైలుకు తిరుగుదారి పట్టాను. ఉద్దానం వెళ్లేవాళ్లు బారువ సముద్రం చూసి రండి, బాగుంటుంది. నాటు ఆంబోతు కోసమైతే చార్జీలు దండగ.

కోటబొమ్మాళి దగ్గర మా ఆవిడ ఫోను చేసింది. ఆవు ఎదకొచ్చి పొద్దుటి నుంచి అరుస్తోందట, సూది వేసే అతన్ని పిలవమంటావా అని అడిగింది. అతని దగ్గరుండేది సంకరజాతి విత్తనమే. పిలవకపోతే దూడా లేదు, పాలూ లేవు.

పిలవమన్నాను.