విజయశ్రీకి పాలు లేవన్నారు

కాశిబుగ్గలోని మా వాడలో కడుపు పండిన ఆడవాళ్లు అంతమంది ఉండగా, పిల్లలే లేని నా గదికి విజయశ్రీ తన కొడుకును ఎత్తుకుని పాలివ్వడానికి ఎందుకొచ్చిందన్నది నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

బాలింత పాలిచ్చేటప్పుడు నాలాంటిది ఎదురుగా ఉండకూడదని ఎవరూ నోటితో అనరు. నన్ను చూడగానే కొంగు కప్పుకుంటారు, అంతే. నేనూ ఆ వేళకు వెళ్లను. గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాక లచ్చవ్వ ఇంటి ముందు గదిలో అద్దెకు దిగినదాన్ని. ఆ మర్యాద నాకు అలవాటైపోయింది.

విజయశ్రీ లచ్చవ్వ మనవరాలు. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి సూరత్ మిల్లులకు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మగ్గం పక్కన ఉయ్యాల కట్టి, డబ్బాపాలు పట్టి లచ్చవ్వే పెంచింది. పదో తరగతి అయ్యాక పిల్ల తానూ జంపఖానాల మగ్గమెక్కింది. మాటలు తక్కువ. నా దగ్గర పుస్తకాలు తీసుకుపోయి, "మంచిగుంది పెద్దమ్మా" అని తిరిగిచ్చేది. చదివిందో లేదో నేను అడిగేదాన్ని కాదు. హసన్‌పర్తిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే రాకేష్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టిల్లంటే ముసలామె, మగ్గం.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన నాటి నుంచి పిల్లవాడు ఒకటే ఏడుపు. రొమ్మును ఆత్రంగా అందుకునేవాడట, రెండు గుక్కలు మింగి వెనక్కి విరుచుకునేవాడట. వచ్చిన ప్రతి ఆడమనిషీ మంచం పక్కన నిలబడి చూసి ఒక మాట అని పోయేది. గోడ ఇవతల నాకన్నీ వినబడేవి.

"పాలు వడ్డయా లేదా లచ్చక్కా? పోరడు గిట్ల మొత్తుకుంటాండు."

"వడితే ఎందుకు మొత్తుకుంటడే. ఎల్లిపాయ కారం పెడుతున్న, మెంతులు పెడుతున్న. గీమెకు మాటే రాదు, ఇగ పాలేడికెల్లి వస్తయ్."

నవ్వులు వినబడేవి. విజయశ్రీ గొంతు మాత్రం వినబడేది కాదు.

ఒక ఆదివారం రాకేష్ పాలడబ్బా తెచ్చాడు. వచ్చే ఆదివారం దాకా చూసి, అప్పటికీ పిల్లవాడు తాగకపోతే డబ్బా మొదలుపెట్టాలని లచ్చవ్వ తేల్చేసింది. "నిన్ను గా డబ్బతోనే సాదిన. సచ్చినవా?" అంది మనవరాలితో.

మర్నాడు మధ్యాహ్నం, లచ్చవ్వ అన్నం తిని కునుకు తీస్తున్న వేళ, విజయశ్రీ నా గడపలో నిలబడింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, చేతుల్లో ఏడుస్తున్న పిల్లవాడు.

"జర తలుపేసుకోనా పెద్దమ్మా?"

నేను లేచి బయటికి పోబోయాను.

"నువ్వుండు. నీ ఇంట్లకెల్లి నువ్వెందుకు పోతవ్."

కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని పుస్తకం తెరిచాను. వెనక ఏడుపు, చప్పరింపు, మళ్లీ ఏడుపు. చాలాసేపటికి ఆమె అంది: "నేను అమ్మ పాలు తాగలే. అదెట్లుంటదో నాకు ఎర్కలేదు. వీనికన్న ఎర్క కావాలె గదా."

నేను లేచి కిటికీ తెర దించి మళ్లీ కూర్చున్నాను.

మర్నాడూ వచ్చింది. ఆ రోజు ఉన్నట్టుండి, "ఇటు మర్రి చూడు పెద్దమ్మా" అంది.

"నేనెందుకమ్మా."

"అందరు చూసిండ్రు. నువ్వే చూడలే."

తిరిగాను. పిల్లవాడు రొమ్ము వదిలేసి దగ్గుతున్నాడు. పాలు సన్నటి ధారలుగా చిమ్మి వాడి కనురెప్పల మీద, ముక్కు మీద పడుతున్నాయి. ఆమె చనుమొన పగిలి ఎర్రగా ఉంది.

"లేవంటాండ్రు గదా," అంది విజయశ్రీ. "గింత జోరుగ వస్తే వీనికి గుటక వడుతలేదు. ఊపిరాడక ఏడుత్తాండు."

"మరి ఏం చేస్తావు?"

"ఏమో. జోరు తగ్గినంక ఇచ్చి చూస్త."

ముందు కాసేపు పాలను గుడ్డలోకి కారనిచ్చి, తర్వాత వాడి నోటికి అందించింది. కొంత నయమనిపించింది. ఇంకో రోజు నా దిండ్లన్నీ వెనక పేర్చుకుని, వాలి కూర్చుని, వాణ్ణి పొట్ట మీద బోర్లా వేసుకుంది. లచ్చవ్వ చూసి ఉంటే పిల్లవాడి మెడ విరుగుతుందని కేకలేసేది. చనుమొనల పగుళ్లకు విజయశ్రీ తన పాలే రాసి ఆరబెట్టుకునేది. అది దవాఖానలో నర్సు చెప్పిందట. ఒకరోజు తాగేవాడు, మరునాడు మళ్లీ మొదటికొచ్చేవాడు. అలాంటప్పుడు ఆమె గోడవైపు తిరిగి చప్పుడు లేకుండా ఏడ్చేది. నేను పేజీ కూడా తిప్పేదాన్ని కాదు.

శనివారం నాడు నా వెనక చప్పుడు మారింది. గుటక, ఊపిరి, గుటక. అడక్కుండానే తిరిగి చూశాను. వాడి పిడికిలి విచ్చుకుని ఉంది. విజయశ్రీ నన్ను చూసి, మాట్లాడొద్దని కళ్లతోనే చెప్పింది.

గడియ వేయడం మరిచిందేమో, లచ్చవ్వ తలుపు తోసుకుని వచ్చింది. తాగుతున్న పిల్లవాణ్ణి చూసింది, వాణ్ణే చూస్తున్న నన్నూ చూసింది.

"లే బిడ్డా, ఇంట్లకు పోదాం పా," అంది. నాతో మర్యాదగానే, "మీకెందుకు మేడం తిప్పలు" అంది.

తర్వాత గోడ అవతల గొంతు తగ్గించింది గానీ నాకు వినబడింది. "గామె కండ్ల ముంగట ఎట్లిచ్చినవే?"

"తాగిండు గదనే అవ్వా. చూసినవు గదా."

"ఇయ్యాల తాగిండు. రేపు తాగకుంటే?"

సాయంత్రం ఉప్పు, ఎండుమిరపకాయలతో పిల్లవాడికి దిష్టి తీశారు. దిష్టి ఉంటే మిరపకాయల ఘాటు రాదంటారు. నాకైతే దగ్గు ఆగలేదు.

ఆ తర్వాత ఆమె నా గదికి రాలేదు. పిల్లవాడు తాగుతున్నాడని గోడ అవతలి నెమ్మదిని బట్టి తెలుసుకున్నాను. ఆదివారం రాకేష్ డబ్బాను మూత తీయకుండానే తిరిగి పట్టుకుపోయాడు. చూడవచ్చిన వాళ్లతో లచ్చవ్వ, "మెంతులే పనిచేసినయ్" అని చెప్పుకుంది. మధ్యాహ్నాలు నేను ఒక్కదాన్నే ఉన్నా కుర్చీని కిటికీ వైపే తిప్పుకుని కూర్చునేదాన్ని.

మూడో నెలలో ఆమెను హసన్‌పర్తికి తీసుకుపోయే రోజు వచ్చింది. ఆటో వాకిట్లో ఆగింది. రాకేష్ సంచులు సర్దుతున్నాడు. నేను నా మెట్టు మీద నిలబడ్డాను, కిందికి దిగలేదు.

"పోతాంది మేడం, మా పిల్ల," అంది లచ్చవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

విజయశ్రీ వెనక సీట్లో కూర్చోగానే పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. రాకేష్ గాభరాగా వెనక్కి తిరిగాడు. "పోనియ్యమను, ఏం గాదు," అందామె అతనితో. కొంగు సవరించుకుని వాణ్ణి లోపలికి తీసుకుంది. ఏడుపు ఆగింది. తలెత్తితే నేను కనిపించేదాన్ని. ఆమె వాణ్ణే చూస్తూ ఉంది. ఆటో కదిలింది.