మాటలో మిగతా సగం

సాలూరులో లారీ కనిపించని సందు ఎవరైనా చూపిస్తే వాళ్లకు దండం పెడతాను. ఆ లారీల మధ్య ఒక బుకింగ్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. ఏ సరుకు ఏ ఊరికి, ఏ బండి మీద, ఏ డ్రైవరు చేతిలో వెళ్లాలో చూడడం నా పని. అక్కడ పదిమంది ఒకేసారి అరుస్తారు, రెండు ఫోన్లు ఒకేసారి మోగుతాయి. అందుకని మనిషి నోరు తెరవగానే మిగతా సగం నేనే చెప్పేయడం నేర్చుకున్నాను. "రేపు పొద్దున్నే రాయగడకి..." అని అవతలివాడు అంటుండగానే "మొక్కజొన్న, పది టన్నులు, టార్పాలిన్ మాదే" అనేసేవాడిని. చాలాసార్లు సరిపోయేది. మా యజమాని కొత్తవాళ్లకు నన్ను చూపించి, "ఈయన ముందు నోరు తెరిస్తే చాలు, మాట్లాడక్కర్లేదు" అనేవాడు. నేను పొంగిపోయేవాడిని. అది పొగడ్తేనా అని ఇప్పుడు అనుమానంగా ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం ఆఫీసుకు తాళం వేసేటప్పుడు ఈ విద్యను లోపలే వదిలేసి రావాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పబోయారేమో కూడా. నేనే చెప్పనిచ్చి ఉండను.

మా ఆవిడ నాకు మేనమామ కూతురు. కోటబొమ్మాళి పిల్ల. పెళ్లికి ముందు "బావ" అనేది, ఇప్పటికీ అదే. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒక మాట అని, కాస్త ఆగి, ఇంకో మాట అంటుంది. ఆ ఆగిన చోట నేను దూరేవాడిని.

"బావా, సాయంత్రం వచ్చేటప్పుడు..."

"కూరగాయలే కదా, తెస్తాను."

"అది కాదు, మా అక్క..."

"మీ అక్క బాగానే ఉంటుందిలే."

ఆమె నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయేది. మా మధ్య ఏనాడూ గొడవ లేదని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడిని. గొడవ రావాలంటే రెండో మనిషి కూడా ఒక వాక్యం పూర్తి చేయాలన్న సంగతి నాకు తట్టలేదు.

కిందటి వేసవిలో ఒకరోజు, "బావా, మేడ మెట్లెక్కితే గుండెల్లో..." అంది. "గ్యాసు" అన్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చాను, ప్రేమగానే. పది రోజులు పోయాక "దవడ లాగుతన్నాది..." అంది. "పన్ను" అన్నాను. పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆమె కుర్చీలో సర్దుకోకముందే ఏ పన్నో కూడా నేనే చూపించాను. అది అప్పటికే కాస్త పుచ్చి ఉంది గనక ఆయన పీకేశాడు. పాపం, దవడ లాగడానికీ ఆ పన్నుకీ ఏ సంబంధమూ లేదు.

నొప్పి పోలేదు. చివరికి విజయనగరంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్న వయసే. మా ఆవిడ వైపు తిరిగి, "ఏంటమ్మా ఇబ్బంది?" అంది.

"గ్యాసండి" అన్నాను.

"ఎప్పటి నుంచమ్మా?"

"రెండు నెలల నుంచండి."

"ఎప్పుడొస్తుందమ్మా?"

"కారం తింటే వస్తుందండి."

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. "అంకుల్, నొప్పి మీకా, ఆంటీకా?"

"ఆమెకేనండి."

"అయితే మీరు కాసేపు బయట కూర్చోండి."

తల కొట్టేసినట్టయింది. బయట బెంచీ మీద ఉన్నవాళ్లు జరిగి చోటిచ్చారు. అందరూ విన్నట్టే ఉన్నారు, ఎందుకంటే గదికి తలుపు లేదు, పరదా ఒక్కటే ఉంది. ఆ పరదా వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"పది మెట్లెక్కితే గుండెల మీద బరువెట్టినట్టుంటాదమ్మా. అక్కడినుంచి దవడ లాగుతాది. ఈ ఎడం సెయ్యి పీకుతాది, సెమట్లు పోస్తాయి. కాసేపు కూకుంటే తగ్గిపోతాది."

"ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"మా బావకి సెప్పబోతాను. సగంలో ఆయనే సెప్పేస్తాడు. ఆయన సెప్పినాక అదే కాబోలు అనుకుంటాను."

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కొంత, భయంతో ఎక్కువ.

ఆరోజే ఈసీజీ తీశారు, ఆరోజే విశాఖపట్నం పంపారు. గుండె రక్తనాళం ఒకటి బాగా పూడుకుపోయిందట. స్టెంట్ వేశారు. అక్కడి పెద్ద డాక్టరు నాతో, "ఇంకో నెల గ్యాసే అనుకుని ఉంటే..." అని ఆగాడు. ఆ మాట నేను పూర్తి చేయలేదు. నా జన్మలో అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక అలవాటు మానేద్దామనుకున్నాను. తీరా చూస్తే, అది ఎప్పుడు వస్తుందో నాకే తెలియదు. నన్ను నేను కాపలా కాయడం మొదలుపెట్టాను. ఎదుటి మనిషి మాట ఆగగానే నా కుడికాలి బొటనవేలు చెప్పులో ఆడుతుందని వారం రోజులకు కనిపెట్టాను. వేలు ఆడగానే నోట్లో ఒక లవంగం వేసుకోవడం, అది మెత్తబడేదాకా పెదవి విప్పకపోవడం. ఇదీ నా వైద్యం.

ఆఫీసులో గగ్గోలు పుట్టింది. "ఏటి బాబూ, పన్ను పీకించుకున్నావేటి?" అని అడిగినవాళ్లే అందరూ. పీకించాను, నాది కాదు అని చెప్పలేక తల ఊపేవాడిని.

మా దగ్గర ఒక పాత డ్రైవరు ఉన్నాడు. వచ్చినప్పుడల్లా "బాబూ, ఘాట్ రోడ్డు నాకు..." అని మొదలుపెడతాడు. "కొట్టిన పిండి, తెలుసులే, కోరాపుట్ లోడు నీకే" అని చీటీ రాసిచ్చేవాడిని. అతనికేదో మేలు చేస్తున్నాననే నా నమ్మకం. ఈసారి కూడా అలాగే మొదలుపెట్టి ఆగాడు. నా వేలు ఆడింది. లవంగం వేసుకున్నాను. అతను నా చీటీ కోసం చూశాడు, నేను అతని మాట కోసం చూశాను.

"...ఇంక వద్దు బాబూ" అన్నాడు. "పొద్దుగూకితే కళ్లు ఆనట్లేదు. రెండేళ్లబట్టి సెప్తన్నాను."

రెండేళ్లుగా కళ్లు కనిపించని మనిషిని నేనే కొండెక్కిస్తున్నాను, అదీ ప్రత్యేకంగా. ఆరోజే కళ్ల డాక్టరు దగ్గరికి పంపాను.

ఇంట్లో మాత్రం కథ వేరుగా నడిచింది. ఒక సాయంత్రం వరండాలో కాఫీ తాగుతుండగా మా ఆవిడ, "బావా, నాను ఒక నెల్లాళ్లు..." అని ఆగింది. లవంగం వేసుకున్నాను. ఆమె నావైపే చూస్తోంది. ఎంతసేపటికీ మిగతాది రాదు.

"సెప్పు మరి" అంది చివరికి.

"ఏం చెప్పను?"

"నాను అనబోయినాది."

అలవాటు నా ఒక్కడికే అంటలేదని అప్పుడు తెలిసింది. తల అడ్డంగా ఊపాను. ఆమె గ్లాసు కింద పెట్టి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మాట కోసం చాలాసేపు వెతుక్కుంది.

"కోటబొమ్మాళిలో మా అక్క కాడ ఉండాలనున్నాది. నువ్వు రాకు బావా. నువ్వుంటే నాకు మాట రాదు."

లవంగం పంటి కింద నలిగి నాలుక మండింది. "అలాగే" అన్నాను. రాజాంలో దిగి భోజనం చేయమనీ, మందులు చేతిసంచిలో పెట్టుకోమనీ ఇంకా చాలా వచ్చాయి నోటిదాకా. మింగేశాను.

మరుసటి సోమవారం ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సు ఎక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. నేను కింద నిలబడి ఉండగానే కండక్టరు వచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు. నా వేలు ఆడింది. జేబులో చెయ్యి పెడితే లవంగాలు అయిపోయాయి. పళ్లు బిగించుకున్నాను.

"సిక్కోలు" అంది మా ఆవిడ. కాస్త ఆగింది. "అక్కడ దిగి కోటబొమ్మాళి బస్సెక్కుతాను. మా అక్క ఇంటికి. నాకు గుండెకి వైద్యం సేసినారు, ఇప్పుడు బాగున్నాది. నెల్లాళ్లు ఉండి వస్తాను."

కండక్టరు అంత అడగలేదు. అయినా చివరిదాకా విన్నాడు.