మడతలోంచి జారిన హంసల గ్రాఫు

చల్లపల్లిలోని ఆ నేతగాళ్ళ ఇంటి నుంచి రావమ్మ చీటీ లేకుండా ఒక్క చీరా బయటికి వెళ్ళలేదు. పదహారో ఏట కోడలిగా వచ్చి నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టిన మనిషి. ఐదో తరగతి దాకా చదివింది కాబట్టి, నేసిన ప్రతి చీర మడతలోనూ భర్త పేరు, చీర నంబరు, నెల రాసిన చీటీ దోపే పని ఆమెకే పడింది. నలభై నాలుగేళ్ళుగా అదే చేతిరాత.

ఆ భర్త భావనారాయణకి ఇప్పుడు చెయ్యి వణుకుతోంది, గళ్ళ కాగితం మీద అంచు బొమ్మల కొత్త గ్రాఫు గీయలేడు. పాతవాటిలో హంసల అంచు ఒక్కటన్నా తన పేరు మీద నిలబడాలని ఆయన కోరిక. విజయవాడలో చేనేత ప్రదర్శన పెడుతున్నారనీ, నమూనా కింద గీసినవాడి పేరు వేస్తారనీ తెలిసింది. చీరల ఫొటోలన్నీ ఒక పీడీఎఫ్‌గా ఉండాలి, మగ్గం గ్రాఫుల ఫైళ్ళు దాని లోపలే ఉండాలి. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పెన్‌డ్రైవూ సంతకం చేసిన కాగితమూ ఎవరో ఒకరు తెచ్చి ఇవ్వాలి.

కోడలు ఉషశ్రీ ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. మామగారి గ్రాఫులన్నీ ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించింది. శుక్రవారం పొద్దున్నే కూర్చుని పది వరసల కోడు రాసింది. రావమ్మ పక్కనే స్టూలు వేసుకుని ఒక్కో వరసా ఏమిటని అడిగింది. పీడీఎఫ్ తెరవమని ఒకటి, గ్రాఫు ఫైలు చదవమని ఒకటి, దానికో పేరు పెట్టి లోపల చేర్చమని ఒకటి, అంతా కలిపి సేవ్ చెయ్యమని చివరిది.

"ఇంతకీ ఏ పేజీలో పెట్టావే?"

"ఏ పేజీలోనూ కాదత్తయ్యా. పీడీఎఫ్ లోపల ఉంటది, అంతే."

"పేజీలో లేకుండా పుస్తకంలో ఎట్టా ఉంటదే?"

ఉషశ్రీకి ఆఫీసు మీటింగు మొదలైంది. సంతకం చేసిన కాగితం పట్టుకుని, పెన్‌డ్రైవు కొంగున ముడేసుకుని రావమ్మ బస్సెక్కింది.

విజయవాడలో దిగేసరికి రెండు. టైముంది కదా, ఆ గ్రాఫులు ఎక్కడున్నాయో కళ్ళారా చూద్దామని బస్టాండు పక్కన నెట్ సెంటర్లోకి వెళ్ళింది. దాని యజమాని జాన్ పాల్, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకునే పెద్దాయన. పీడీఎఫ్ తెరిచాడు. నాలుగు పేజీలు, నాలుగు చీరలు. గ్రాఫు జాడ లేదు. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పించింది. ఉన్నవి ఇవేనండీ అన్నాడాయన. ఎక్కడో లోపల ఉండే ఉంటాయిలే అనుకుంది గానీ, మూడో చీర పక్కకి పడుకుని ఉండటం మాత్రం ఆమెకి నచ్చలేదు. సరిచేసి ఇమ్మంది. ఆయన పేజీ తిప్పి, ప్రింటు కాగితం మీదికి కాకుండా ఫైల్లోకే కొట్టి, కొత్త పీడీఎఫ్ చేశాడు. రెండుంటే అక్కడివాళ్ళు తికమక పడతారని పాతది రావమ్మే తీయించేసింది.

ప్రదర్శన ఆఫీసులో వరసలో నిలబడి నిలబడి ఆమె వంతు వచ్చేసరికి నాలుగూ ఇరవై. ఫైళ్ళు చూసే అమ్మాయి స్టెల్లా తెర పక్కన వెతికింది.

"అటాచ్‌మెంట్ ఉంటే ఇక్కడ క్లిప్పు గుర్తు రావాలమ్మా. ఏమీ లేదు. గ్రాఫులు లేకపోతే తీసుకోకూడదండీ."

పొద్దున రావమ్మ కళ్ళ ముందే పెట్టింది కదా కోడలు. ఫోన్ చేసి, నెట్ సెంటర్లో జరిగిందంతా ఉషశ్రీకి చెప్పింది.

"అత్తయ్యా, కొట్టాయన మన చీర విప్పి చూసి, మళ్ళీ తనకి కావాల్సినట్టు మడతేస్తే మీ చీటీ ఏమవుద్ది?"

"కింద పడిపోద్ది."

"నెట్ సెంటరాయన చేసిందీ అదే. కనబడే పేజీలే కొత్తదాంట్లోకి వచ్చాయి."

చీటీలు పోగొట్టే కొట్లవాళ్ళని ఇన్నేళ్ళూ ఎన్ని తిట్లు తిట్టిందో రావమ్మకి గుర్తొచ్చింది. ఈసారి మడత దగ్గరుండి తనే వేయించింది.

మనిషీ, సంతకమూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి ఫైలు మెయిల్లో పంపినా సరేనంది స్టెల్లా. ఉషశ్రీ ఆ పడుకున్న పేజీని కోడులోనే తిప్పి, మళ్ళీ నడిపి, పంపింది. నాలుగూ నలభై ఎనిమిదికి వచ్చింది. తెర పక్కన క్లిప్పు గుర్తు. స్టెల్లా నొక్కితే గళ్ళ మీద హంసలు బారుగా నిలబడ్డాయి. భావనారాయణ ముప్పయ్యేళ్ళ కిందట గీసినవే.

ఆమె మూసేయబోతుంటే రావమ్మ చెయ్యి అడ్డం పెట్టింది, పడిపోతాయేమోనని. మూసినా క్లిప్పు గుర్తు అక్కడే ఉంది. మళ్ళీ తెరిపించి, మూయించి చూసుకుంది. రసీదు మీద భర్త పేరు చదువుకుంది. మరి హంసలు కోడలి దగ్గరా ఉన్నాయి, ఈ పిల్ల దగ్గరా ఉన్నాయి, ఆ పిల్లే ఎక్కిస్తే ఇప్పుడు పెన్‌డ్రైవులోకీ వచ్చాయి. వీటిలో ఆయన గీసినవి ఏవో, ఏ పేజీలోనూ లేకుండా ఎలా ఉన్నాయో ఆమెకి అంతు పట్టలేదు.

చిన్న కాగితం ముక్క అడిగి తీసుకుంది. భావనారాయణ, హంసల అంచు, నెల రాసింది. మడిచి పెన్‌డ్రైవుకి రబ్బరుబ్యాండుతో బిగించి, స్టెల్లా చేతిలో పెట్టింది.