డాబా మీద ఎండ

తెనాలిలో వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం కరెంటు పోవాల్సిందే. దానికి విరుగుడుగా మామగారు రిటైరైన ఏడాది డాబా మీద సోలార్ ప్యానెళ్లు, మెట్ల కింద బ్యాటరీ పెట్టించారు. మా వీధిలో ఇంకెవరికీ లేవు. ఆ మాట ఆయన రోజూ గుర్తుచేసేవారు.

దాంతో ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. మిక్సీ అయినా, టీవీ అయినా ఎండున్నప్పుడే వాడాలి. "ఎండ ఊరికే పోతోందమ్మా, వాడుకోవద్దూ?" అనేవారు నాతో. రాత్రి దోసెల్లోకి చట్నీ కూడా మిట్టమధ్యాహ్నమే మిక్సీ పట్టించేవారు. తినే వేళకి అది పులిసిపోయేది. మహానుభావుడు, కిక్కురుమనకుండా తినేవారు.

అత్తగారి బాధ వేరు. డాబా మీద రోజంతా ఎండ పడే చోటు ఒక్కటే, మిగతాదంతా పక్కింటి మేడ నీడ. ఆవిడ ఏటా గుమ్మడి వడియాలు పెట్టేది అక్కడే. బాపట్లలో తన ఆడపడుచుకీ, రేపల్లెలో తన తమ్ముడికీ డబ్బాల నిండా వెళ్లేవి. చుట్టాల్లో ఆవిడ పేరంతా ఆ వడియాల మీదే నిలబడింది. ఇప్పుడు ఆ చోట ప్యానెళ్లు వెలిశాయి. నీడలో పెట్టిన మొదటి విడత బూజు పట్టింది. వాటిని పారబోస్తూ ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే నాకు మామగారి మీద ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకి రేపల్లె తమ్ముడుగారు సోలార్ చూడ్డానికి వచ్చారు. అనుకున్నట్టే కరెంటు పోయింది.

"ఇప్పుడు చూడవోయ్" అంటూ మామగారు మురిసిపోతూ స్విచ్చి వేశారు. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"ఈ మధ్య కాస్త మబ్బుగా ఉంటోందిలే" అన్నారు చెమట తుడుచుకుంటూ. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది.

మోకాళ్ల నొప్పులతో మామగారు డాబా ఎక్కడం మానేసి చాలా రోజులైంది. ఆ వేళ తప్పలేదు. అందరం వెనకే వెళ్లాం. ప్యానెళ్ల మీద ఆయన పాత పంచె పరిచి, కొసలు తాళ్లతో కట్టి ఉంది. దాని నిండా వడియాలు. ఒక్కటీ జారలేదు.

"ఇదేంటే?" అన్నారు మామగారు.

"ఎండ ఊరికే పోతోందన్నారుగా" అన్నారు అత్తగారు. "నేనీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ దాన్ని వాడుకుంటూనే ఉన్నానండి. ఇవి పెట్టేముందు నన్నొక్క మాట అడిగారా?"

గొంతు పెంచలేదు. తమ్ముడుగారు ఓ వడియం తీసి అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కాఫీ గ్లాసుతో వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆ వేసవంతా అలాగే వచ్చేవారు.

"ఏమే, ఇవాళ ఎండ నీదా, నాదా?"