తమ్ముడు ఫోన్లో పంపిన జమ్మి

మూడేళ్ల కింద కరీంనగర్ ఆసుపత్రి మంచం మీది నుంచి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో, "రేపు పొద్దున నా మోకాలు కోస్తరట" అని రాశాను. మా తమ్ముడు బొటనవేలు బొమ్మ పెట్టాడు. కోయమనా, వద్దనా? నేనది ఇప్పటికీ మరిచిపోలేదు.

సుల్తానాబాద్‌లో వాడి ఇల్లు మాకు నాలుగిళ్ల అవతల. వాళ్ల కుక్కర్ కూత మాకు వినిపిస్తుంది. అయినా వాడి పలకరింపంతా ఫోన్లోనే. పొద్దున పువ్వు, సాయంత్రం దీపం.

దసరాకు మాత్రం వచ్చేవాడు. జమ్మి ఆకును మేం బంగారం అంటాం. చిన్నవాళ్లు దాన్ని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. పోయిన దసరాకు అదీ పోయింది. జమ్మి ఫొటో పంపాడు. దాని మీద 'చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది' అని ఉంది. ఎంతమంది తిప్పి పంపిన బంగారమో!

అందుకే ఈ దసరాకు పొద్దున్నే ఫోన్లో నెట్ బంద్ చేశాను. ఎట్లా పంపుతాడో చూద్దామని. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో జమ్మి పెట్టుకుని, గేటు ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. మెసేజ్ వచ్చే వీలు లేని ఫోన్‌ను పదిసార్లు తీసి చూశాను.

"నాలుగిండ్లే గదా, నువ్వే పోరాదు?" అంది నా భార్య.

"పెద్దోణ్ణి నేను. వాడే రావాలె."

"మరి గేటెందుకు తీసిపెట్టినవ్?"

"గాలికి."

పొద్దు గూకే వేళకు వాడు ఉరుకుతూ వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు.

"అన్నా, మంచిగున్నవా? పొద్దుగాల బంగారం పంపిన. ఇప్పటిదాంక ఒక్క టిక్కే పడ్డది. పరేషాన్ అయిన."

"ఫోన్ చెయ్యరాదుర?"

"చేస్తే ఎత్తుతవా? నీ ఆపరేషన్ అయినప్పటి సంది ఒక్కసారన్న ఎత్తినవా?"

చెయ్యి చాపాను.

"పెట్టు."

"ఏంది?"

"బంగారం."

వాడు జేబులు తడుముకుని ఫోన్ తీశాడు. "గీ ఫోన్ల ఉన్నదే."

నా జేబులోని జమ్మిలో సగం తీసి వాడికిచ్చాను. దాన్నే మళ్లీ నా చేతిలో పెట్టాడు. వంగి కాళ్లు మొక్కి, లేస్తూ నా మోకాలి మీద చెయ్యి ఆనించాడు.

"నొప్పి ఎట్లున్నదే ఇప్పుడు?"

మూడేళ్లకు అడిగాడు. నేను బొటనవేలు ఎత్తి చూపించాను.

వాడికి గుర్తే లేదు. "మంచిది" అని, లోపలికి పోయి వదినను చాయ అడిగాడు.